వంకర వేలు

నా ఎడమ చిటికెన వేలు చూడుండ్రి.
సగం దాకా సక్కగ పోయి, ఆడికెల్లి
బల్లార్షా స్టేషన్ దాటినంక పట్టాలు చీలినట్టు
పక్కకు తిరుగుతది.

అది గోమాస రాజలింగు రాసిన రాత.
వాని గురించి ఇంకెక్కడ రాసి ఉన్నదో నాకు తెల్వదు.

పేపర్ మిల్లు ఎనక, వెదురు గుట్టల పక్కన మా గ్రౌండు.
గడ్డి పోచ లేదు.
నల్లమన్ను మీద పీచు పట్టా పరిచి
నాలుగు మూలల మేకులు కొట్టేటోళ్ళం.
గాలి మళ్ళితే కుళ్ళిన గుడ్డు వాసన.
భోంగా కూస్తే మా నాయనలకు షిఫ్టు మారేది,
మాకు అదే టీ టైము.

మూడో వెదురు గుట్ట కాడికెల్లి ఉరికొచ్చేటోడు లింగు.
పదిహేడు అడుగులు. నేను లెక్కపెట్టిన.
వాళ్ళ నాయన సేఫ్టీ బూట్లు,
లోపల రెండు జతల సాక్సులు.
ఆ బూట్ల చప్పుడు ముందు వచ్చేది,
బంతి తర్వాత,
బ్యాటు ఆ తర్వాతెప్పుడో.
ఆఫీసర్స్ క్లబ్బోళ్ళు
క్రీజులకు వచ్చేటప్పుడు మరాఠీల దేవున్ని తలిచి
పోయేటప్పుడు హిందీల తిట్టుకుంట పోయేటోళ్ళు.

స్టంపుల ఎనక ఇరవై అడుగుల దూరం నిలబడేటోన్ని.
అయినా నా దగ్గరికి వచ్చేసరికి
బంతి ఇంకా లేస్తనే ఉండేది.

వేలు విరిగిన రోజు
లింగు పట్టా ఆ కొస నుంచి ఉరికొచ్చి
"పట్టినవా?" అనడిగిండు.
వేలు సంగతి కాదు.
పట్టిన.

తర్వాత నాగపూర్ పిలిచింది.
వాన్నొక్కన్నే.

మూడు మ్యాచులు.
మొదటి దాంట్ల నాలుగు వికెట్లు.
రెండో దాంట్ల సున్నా. రెండు క్యాచులు జారిపోయినయట.
కీపర్ కొత్త పిల్లగాడట,
పన్నెండు అడుగుల్లనే నిలబడ్డడట.
(నాకు ఎవరూ ఫోన్ చెయ్యలే. మా ఇంట్ల ఫోన్ లేదు.)
మూడో దాంట్ల, తొమ్మిదో ఓవరు, నాలుగో బంతి:
భుజంల ఎండు వెదురు పలిగినట్టు ఒక్క చప్పుడు.

మిగిలిన రెండు బంతులు ఎవరో ఏసిండ్రు.

మరాఠీ పేపర్ల ఒక్క లైను పడ్డది.
గోమాస కాస్తా గోమాసే అయ్యింది.
వాళ్ళమ్మ చదివించుకొని
"ఈడు మనోడేనా?" అని రెండుసార్లు అడిగి
బియ్యం డబ్బా మూత లోపల అతికించింది.
మా మిల్లు కాయితం కాదది. మా దానికన్న పలుచన.

ఇరవై ఆరేండ్లాయె.
ఇప్పుడు బొగ్గుగని కాటా మీద కూసుంటడు.
ఖాళీ లారీ ఒకసారి, నిండు లారీ ఒకసారి.
"తేడానే మాల్" అంటడు.
పెద్ద మాటేం కాదు, డ్రైవర్లు కొట్లాటకొస్తే అనే మాట.

కుడి చెయ్యి భుజం దాటి లేవదు.
అంగీ ముందు ఆ చేతికే తొడుగుతడు,
నిద్రపోయే పిల్లకు తొడిగినట్టు మెల్లగ.

కొత్తోళ్ళెవరన్న వస్తే వాని కథ నేనే చెప్త.
వాడు రశీదులు చింపుకుంట చెప్పనిస్తడు,
ఒక్క కాడ మాత్రం తల ఎత్తుతడు:
"నాలుగు కాదు, మూడు. ఒకటి రనౌటు."

మొన్న సోమవారం
కాటా మీద కరెంటు పోయింది.
బండి చాబీ మేజా మీదనే మరిచి బయటికొచ్చిన.
"ఏయ్" అన్నడు.
ఎడమ చేత్తోని, కింది నుంచి,
చిన్న పిల్లలకు నిమ్మకాయ ఇసిరినట్టు ఇసిరిండు.
మా నడుమ ఆరడుగులు కూడ లేవు.

నా కాళ్ళు వాటంతట అవే
ఎనక్కి పోయినయి.

చాబీ నా ముందట బొగ్గు దుమ్ముల పడ్డది, చప్పుడు లేకుండ.

"పట్టినవా?" చీకట్ల నుంచి అడిగిండు.

పట్టిన, అన్న.